అయిదు రోజుల పథ్యం

"ఫ్యామిలీనా, బ్యాచులరా?"

బెంగళూరులో బాడుగిల్లు వెతికేవాళ్ళని మొదట అడిగే ప్రశ్న ఇదే. పేరూ అడగరు, ఊరూ అడగరు. నాకు అరవై రెండేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు. మా అమ్మకు ఎనభై ఆరు. ఉండేది ఇద్దరమే. మరి మేము ఫ్యామిలీనో బ్యాచులర్లమో నాకే తెలీదు. "ఇద్దరూ బ్యాచులర్ ఆడవాళ్ళే" అని ఒక బ్రోకరుకు చెప్పి చూశాను. వయసులు అడిగాడు, చెప్పాను. "ఆఁ... సిగ్నల్ సరిగ్గా లేదు మేడమ్, మళ్ళీ చేస్తా" అన్నాడు. ఆ మహానుభావుడికి ఇప్పటికీ సిగ్నల్ రాలేదు.

చిక్కపేటలో ఒక చీరల దుకాణంలో ముప్పై నాలుగేళ్ళు పనిచేశాను. దుకాణానికి నాలుగు సందుల అవతల, మా తాత కాలం నుంచీ మేమున్న బాడుగిల్లు. దాన్ని కొత్తగా కొన్నాయన పడగొట్టి గోడౌన్ కడతానన్నాడు. పేటలో ఇప్పుడు మనుషులకంటే గుడ్డల మూటలకే మర్యాద ఎక్కువ. మూడు నెలల గడువిచ్చాడు. సరే, ఎక్కడో ఒకచోట దొరకకపోతుందా అని బయలుదేరాక అర్థమైంది. నేను బాడుగ కట్టగలనా లేదా అని ఎవరూ చూడటం లేదు. మా అమ్మ ఇంకెన్నాళ్ళుంటుందా అని చూస్తున్నారు.

ఒక బ్రోకరు మాత్రం దాచకుండా చెప్పేశాడు. "బేజారు చేసుకోవద్దు మేడమ్. ధనిష్ఠా పంచకంలో పెద్దామెకు ఏమన్నా అయితే ఓనరు ఇల్లు మూసేయాల. మూడు నెలలో, ఆరు నెలలో. ఆ మాట బయటికి పొక్కితే మళ్ళీ ఎవరూ బాడుగకు రారు. అదే ఐటీ వాళ్ళకిస్తే ఏ గలాటా లేదు. రెండేళ్ళకు ఉద్యోగం మారి వాళ్ళే పోతారు."

ధనిష్ఠ మొదలు రేవతి దాకా అయిదు నక్షత్రాలు, నెలకోసారి అయిదు రోజులు. ఆ రోజుల్లో ఎవరైనా పోతే ఆ ఇంట్లో కొన్నాళ్ళు మనుషులు ఉండకూడదంటారు. మా వాళ్ళూ నమ్ముతారు, కన్నడం వాళ్ళూ నమ్ముతారు. నేనూ నమ్మేదాన్నే. మా అవ్వ పోయినప్పుడు, పోనీలే మంచి నక్షత్రంలో పోయింది అని నేనే నలుగురికీ చెప్పాను. కానీ శుభ్రంగా తిని తిరుగుతున్న మనిషిని చూపించి, ఈమె ఏ నక్షత్రంలో పోతుందోనని ముందే లెక్క చూసుకోవడం అప్పుడే విన్నాను. ఒళ్ళు మండిపోయింది. "మీ ఓనరు చావడా అయ్యా?" అని అడిగేశాను. పాపం, ఆ బ్రోకరేం చేస్తాడు.

ఇంకో రోజు కుందలహళ్ళిలో ఒక గేటు దగ్గర నన్నూ, నా వెనకే వచ్చిన ఒక అమ్మాయినీ ఒకేసారి కాదన్నారు. ఆ పిల్లకు ఇరవై నాలుగేళ్ళుంటాయి, అనంతపురం వైపు నుంచి వచ్చింది, మెడలో ఆఫీసు కార్డు వేలాడుతోంది. ఒంటరి ఆడపిల్లకు ఇవ్వరట. ఇద్దరం పక్కనే ఉన్న దర్శిని హోటల్లో నిలబడి కాఫీ తాగాం.

"మరి ఏ వయసువాళ్ళకిస్తారాంటీ వీళ్ళు ఇల్లు?" అంది.

"ముప్పై అయిదు నుంచి యాభై దాకా అనుకుంటా. నువ్వింకా అక్కడికి రాలేదు, నేను దాటిపోయాను."

పకపకా నవ్వింది. నవ్వుతూనే ఒక పోటు పొడిచింది. "అయినా ఓనర్లంతా మీ ఏజ్ వాళ్ళే కదాంటీ. మా శాలరీలో సగం వాళ్ళకే పోతోంది. మేం ఈ జన్మలో ఇక్కడ ఇల్లు కొంటామా?"

నాకే ఇల్లు లేదే తల్లీ, అన్నాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. నిజమే కదా అని నాకూ అనిపించింది. మా వయసు వాళ్ళు కట్టుకున్న మేడలకు ఆ పిల్ల జీతం పోస్తోంది, ఆ మేడల్లోకి నన్నూ రానివ్వడం లేదు. తిట్టుకోవడానికి ఇద్దరికీ ఒకే గేటు దొరికింది.

బస్సులో వెనక్కి వస్తూ, ఇక నిజం చెప్పి లాభం లేదని తేల్చుకున్నాను. అమ్మ వయసు డెబ్బై రెండని చెబుదాం. ఇంటికొచ్చి ఆ మాట అంటే అమ్మ వేళ్ళమీద లెక్కపెట్టి, "అంటే నిన్ను పదేళ్ళకే కన్నానా?" అంది. దాంతో నన్నూ యాభైకి దింపాల్సి వచ్చింది. జుట్టుకు రంగేసుకున్నాను. ఇక అమ్మ చీర. దుకాణంలో ఉన్నన్నాళ్ళూ, పెద్దవాళ్ళు వస్తే బూడిద రంగో గంధం రంగో తీసి ముందు పరిచేదాన్ని. చెయ్యి ఎర్రచీర మీదికి పోతే "ఈ వయసుకు ఇది బాగుంటుందమ్మా" అని నెమ్మదిగా మళ్ళించేదాన్ని. మా అమ్మ పెట్టె తెరిస్తే అన్నీ నేను తెచ్చిన బూడిద రంగులే. చివరికి పక్కింటివాళ్ళని అడిగి చిలకాకుపచ్చ చీర తెచ్చి కట్టాను. అమ్మ అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుంది. "ఇది తిరిగి ఇచ్చేయాలా?" అని అడిగింది.

మళ్ళీ కుందలహళ్ళే. ఈసారి ఓనరు ఒక పెద్దాయన. భార్య లేదు, కింద ఇంట్లో ఒక్కడే ఉంటాడు, కొడుకులు అదే వీధిలో వేరే ఇళ్ళల్లో. మాట్లాడేది పాత బెంగళూరు తెలుగే.

"రాండి, కూర్చోండి. అమ్మకు వయసెంత?"

"డెబ్బై రెండు సార్" అన్నాను. రంగు పోదని వేలమందికి చీరలు అమ్మిన నోరు, తడబడలేదు. అమ్మ పక్కన నిటారుగా కూర్చుని నవ్వుతోంది. "అబద్ధం నువ్వాడు, నేను నవ్వుతా" అని బయలుదేరేటప్పుడే చెప్పింది.

ఆయన తలాడించి, అగ్రిమెంటుకు ఆధార్ జిరాక్సులు అడిగాడు. రంగేసుకున్నాను, చీర మార్చాను గానీ, పుట్టిన సంవత్సరం ఆధార్ మీద అచ్చేసి ఉంటుందన్న సంగతే నా బుర్రకు తట్టలేదు! చేసేదిలేక ఇచ్చాను. ఆయన జేబు తడుముకుని, "కళ్ళజోడు యాడ పెడితినో. తర్వాత చూస్తాలే" అని వాటిని మడిచి నీలం ఫైల్లో పెట్టేశాడు. మేడ మీది ఇల్లు మాదైంది.

అయింది గానీ, ఎనిమిది నెలలు అందులో నేను దొంగలాగే బతికాను. పొద్దున్నే ఆయన వరండాలో కళ్ళజోడు పెట్టుకుని పేపరు చదువుతుంటే, దీని తర్వాత ఆ నీలం ఫైలే అనుకునేదాన్ని. చేతికర్ర గుమ్మం దాటించవద్దని అమ్మకు చెప్పాను. దగ్గొస్తే టీవీ సౌండు పెంచేదాన్ని. ఆయన మాత్రం అమ్మ ఎప్పుడు కనబడినా "అక్కా, ఊటా అయిందా?" అని భోజనం సంగతి అడిగి పలకరించేవాడు. ఈ ఊళ్ళో అందరూ అందరికీ అక్కలే కదా అనుకుని ఊరుకున్నాను. కన్నతల్లిని దాచిపెట్టాల్సిన వస్తువులా చూస్తున్నానని అప్పుడప్పుడూ గుచ్చుకునేది. అయినా ఇంకో ఇల్లు వెతికే ఓపిక నాకు లేదు.

ఆ ఇంట్లోకి వచ్చాక అమ్మకు ఒక కొత్త అలవాటు మొదలైంది. నెలలో అయిదు రోజులు క్యాలెండరు మీద పెన్సిలుతో సున్నాలు చుట్టేది. ఆ రోజుల్లో పూటకొక లోటా రాగిగంజి తప్ప ఏదీ ముట్టదు, పగలు కునుకు తీయదు, మెట్లు దిగదు. ఒంటిపొద్దులేమో, పెద్దతనంలో భక్తి పెరిగిందేమో అనుకున్నాను.

ఒకరోజు పొద్దున పదిన్నరప్పుడు, స్నానాల గది గుమ్మం దగ్గర అమ్మ గోడ పట్టుకుని అలాగే కిందికి జారింది. ఒళ్ళంతా చెమట, పెదవులు తెల్లబడ్డాయి. వంటింట్లోంచి పరుగెత్తాను. ఇది రాయడానికి సిగ్గేస్తోంది, కానీ రాయాలి. అమ్మ ముఖం కంటే ముందు గోడ మీది క్యాలెండరు చూశాను. శతభిషం. ఆ అయిదింట్లో రెండోది.

అమ్మ నా చూపు పట్టేసింది. "భయపడొద్దే. ఈ రోజు పోనులే" అంది, ఆయాసపడుతూ.

ఆ తేదీ చుట్టూ పెన్సిలు సున్నా ఉంది. దాని పక్కన ఇంకొకటి, ఇంకొకటి. అయిదు. నాకు అప్పుడు అర్థమైంది. అమ్మను గట్టిగా పట్టుకుని పెద్దగా ఏడ్చేశాను. ఆ ఏడుపు విని పెద్దాయన రైలింగు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ఒక్క మాట అడగకుండా మళ్ళీ దిగి ఆటో పిలిచాడు, తనూ ఎక్కాడు.

క్లినిక్కులో చిన్నవయసు డాక్టరమ్మ. షుగరు బాగా పడిపోయిందని చెప్పి గ్లూకోజు పెట్టింది. అరగంటలో అమ్మ ముఖంలోకి రక్తం వచ్చింది.

"వయసెంత అవ్వా?"

"ఎనభై ఆరు" అంది అమ్మ ఠక్కున. పెద్దాయన పక్కనే నిలబడి ఉన్నాడు. నేను నేలకేసి చూస్తున్నాను.

"రెండు రోజులుగా ఏమీ తిన్నట్టు లేదే. ఎందుకని?"

"భారంగా తింటే గుండెకు కష్టం కదమ్మా. ఈ అయిదు రోజులూ నేను జాగ్రత్తగా ఉండాల. ఇప్పుడు పోతే ఈయప్ప ఇల్లు మూసుకోవాల. నా కూతురు వీధిన పడుతుంది. దానికీ అరవై దాటె, మళ్ళీ ఎవరిస్తారు ఇల్లు?"

డాక్టరమ్మ చీటీ మీద రాస్తూ, "మూడు పూటలా తినాలి. అన్ని నక్షత్రాల్లోనూ" అంది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేను మనసులో సామాన్లు సర్దేస్తున్నాను. గేటు దగ్గర దిగాక, "సార్, తప్పు నాదే. అమ్మను ఏమీ అనొద్దు. ఒక నెల గడువిస్తే..." అని మొదలుపెట్టాను.

"ఏందమ్మా గడువు? నువ్వు ఆధార్ ఇచ్చిన రోజే చూస్తిని నేను. కళ్ళజోడు జేబులోనే ఉండె."

ఆయన గేటు మూసి నావైపు తిరిగాడు.

"మా పిల్లోళ్ళు ముసలోళ్ళకు ఇల్లివ్వొద్దనిరి. చూసినానని చెప్తే వాళ్ళతో గలాటా. అందుకని చూడలేదంటిని. అది సరే, నువ్వు ఒక సంగతి అడగలేదే?"

"ఏం సంగతి సార్?"

"నా వయసు. డెబ్బై తొమ్మిది నాకు. గుండెలో రెండు స్టెంట్లు ఉండాయి. ధనిష్ఠలో నేను కింద పోతే, మీరు పైన ఉండేదానికి అయితుందా? మీరే ఖాళీ చేయాల. బాడుగకు వచ్చేవాళ్ళు ఎవరూ నన్ను ఆ మాట అడగరు. నేనూ చెప్పను. నీ అబద్ధానికీ నా అబద్ధానికీ సరిపోయె. పో, అక్కకు అన్నం పెట్టు."

మెట్లు ఎక్కుతూ ఏడ్చాను, నవ్వాను, ఏదో ఒకటి చేశాను. ఆ మధ్యాహ్నం వేడన్నంలో పప్పూ నెయ్యీ కలిపి అమ్మకు ముద్దలు పెట్టాను. సాయంత్రం చేతికర్ర తీసి బాల్కనీలో అందరికీ కనబడేలా ఆనించాను. మరుసటి వారం చిక్కపేటకు పోయి అమ్మకు చిలకాకుపచ్చ చీర ఒకటి, ఎర్రది ఒకటి కొన్నాను. కౌంటరులో ఉన్న కొత్త పిల్ల "పెద్దవాళ్ళకైతే లైట్ కలర్స్ ఉన్నాయి మేడమ్" అంది. నేను నేర్పిన పాఠమే. ఎర్రదే ప్యాక్ చేయించాను.

తర్వాతి నెల పెద్దాయన కోడలు ఒబ్బట్లు పంపింది. అమ్మ ఎర్రచీర కట్టుకుని పీట వేసుకు కూర్చుని, నెయ్యి వేయించుకుని ఒకటి తిన్నది. క్యాలెండరు మీద చూస్తే ఆ రోజు సున్నా ఉంది. నాకు కోపం వచ్చింది.

"మళ్ళీ ఎందుకమ్మా ఈ సున్నాలు? నీకు మాత్రం బుద్ధి రాదా?"

"నాకు కాదే" అంది అమ్మ. "కిందికి పోయి ఆయన మాత్ర వేసుకున్నాడో లేదో చూసి రా. ఈ రోజు ధనిష్ఠ. ఈ వయసులో మనం మళ్ళీ ఇల్లు వెతకలేం."

అని, రెండో ఒబ్బట్టు తీసుకుంది.