మునగడానికి బెల్టు

తొంభైల చివర్లో మాదాపూర్‌లో కొత్తగా ఉద్యోగంలో చేరాను. మియాపూర్‌లో అమ్మా నేనూ కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. ఆఫీసు స్నేహితులతో లక్షద్వీప్ వెళ్లి, పడవ మీంచి సముద్రం అడుక్కి దిగాలని స్కూబా సామాను సర్దుతున్నాను.

సీసం బిళ్లల బెల్టు చూసి అమ్మ, "ఇదేంది బిడ్డా?" అంది.

"నీళ్లల్ల మునగనీకి నడుముకు కట్టుకుంటమమ్మా."

అమ్మ బెల్టును రెండు చేతుల్తో ఎత్తి బరువు చూసింది. బయల్దేరేటప్పుడు బ్యాగు తేలిగ్గా అనిపిస్తే, బాగా సర్దానని మురిసిపోయాను.

తీరం కనిపించనంత దూరంలో పడవ ఆగాక బ్యాగు విప్పాను. బెల్టు లేదు. దాని చోట, చిన్నప్పుడు బావిలో ఈత నేర్పిస్తూ అమ్మ నా వీపుకు కట్టిన బెండు ఉంది, కొత్త తాడుతో. పడవలో ఇంకో బెల్టు లేదు. అందరూ పగడాల దగ్గరికి దిగిపోతే, నేనొక్కదాన్నే సిగ్గుతో, కోపంతో పైన తేలుతూ ఉండిపోయాను.

ఒడ్డు చేరగానే పక్కింటికి ఫోన్ చేసి అమ్మను పిలిపించాను.

"బెల్టు ఎందుకు తీసినవమ్మా?"

"తేలనీకి నేర్పిన బిడ్డను మునగనీకి ఎట్ల పంపుత? బెండు పైలం."

మరుసటి ఏడు మళ్లీ వెళ్లాను. బెల్టు నేను సర్దుకున్నాను. బెండు అమ్మ సర్దింది.