మా ఆవిడ మోకాళ్ళు, సైకిలు గుండ్లు

మా ఆవిడ నలభై దాటాక సైకిలు నేర్చుకుంది. నేర్పింది నేనేనని అందరికీ చెబుతాను. వెనక సీటు పట్టుకుని పరిగెత్తి, ఆయాసం రాగానే వదిలేసేవాణ్ణి. వదిలెయ్యడం వల్లే ఆవిడకు తొక్కడం వచ్చేసింది. అప్పటినుంచి గుణదలలో మా ఇంటి నుంచి కాలవ అవతల కుట్టుమిషన్ల షెడ్డులో పనికి సైకిలు మీదే వెళ్ళేది. వంతెన ఎక్కుడులో కూడా దిగేది కాదు.

మొన్నటి వానలు తగ్గాక దిగడం మొదలుపెట్టింది. తరువాత నడిచే వెళ్ళింది. ఒక శనివారం కాళ్ళకు కొబ్బరినూనె రాసుకుంటూ, "సైకిలు ఎవరికన్నా ఇచ్చెయ్యండి. నా మోకాళ్ళ పనైపోయింది" అంది.

"నోటి పని మాత్రం బానే ఉందిగా."

"నవ్వులాట కాదండీ. ముసలితనం వచ్చేసింది."

ఆ మాట ఆవిడ నోట వినడం అదే మొదటిసారి. ఏదైనా జోకు వేద్దామంటే దొరకలేదు. నాకు జోకు దొరకలేదంటే సంగతి చిన్నది కాదు.

మర్నాడు ఆవిడ చర్చికి వెళ్ళాక, చెయిను తీసి పెడలు తిప్పి చూశాను. కరకరలాడుతూ రెండు చుట్లైనా తిరక్కుండా ఆగింది. పట్టుకుని ఊపితే ఊడబోయే పన్నులా కదిలింది. వానల్లో మోకాటిలోతు నీళ్ళలో తొక్కింది కదా, పెడళ్ళ మధ్య ఇరుసులోకి నీళ్ళు పోయి బేరింగు గుండ్లు అరిగిపోయాయి. తప్పు మోకాళ్ళది కాదు.

సందు చివర షాపులో కొత్త ఇరుసు, దాని రెండు పక్కలా బిగించే కప్పులు, గుండ్లు తెచ్చుకున్నాను. ఏడో తరగతిలో బడి మానేసి ఆటోనగర్లో లారీల కింద పడుకున్నవాణ్ణి. ఇంజన్లు దించేవాడికి సైకిలొక లెక్కా అనుకున్నాను.

చర్చి మైకు సందంతా వినబడుతుంది. పాటలయ్యేలోపు పెడళ్ళు ఊడదీశాను. ప్రసంగం మొదలయ్యేసరికి ఎడమ కప్పు, ఇరుసు, గుండ్లు బయటికొచ్చాయి. గుండ్లా అవి, నమిలి ఉమ్మిన శనగలు. అన్నీ ఒక స్టీలు గిన్నెలో వేశాను.

కుడి కప్పు కదల్లేదు. పానాకు ఇనప గొట్టం తగిలించి బలమంతా పెడితే ఇంకా బిగిసింది. మైకులో పాస్టరుగారు ఓర్పు గురించి చెబుతున్నారు. ఆయన అక్కడ ఓర్పు అన్నప్పుడల్లా నేనిక్కడ వేరే మాట అన్నాను.

ఇంతలో ప్రార్థన మొదలైంది. "మన సహోదరి మోకాళ్ళ నొప్పితో బాధపడుతోంది ప్రభువా, ఆమె కాళ్ళకు బలమివ్వు."

ఏ సహోదరో చెప్పక్కర్లేదు. గొట్టం వదిలేసి నేలమీద కూలబడ్డాను. ఇంట్లో చెప్పుకుంటే నవ్వే మొగుడున్నాడు కాబట్టి అక్కడికెళ్ళి చెప్పుకుంది.

కూర్చున్నాక బుర్ర కదిలింది. నేను పని నేర్చిన లారీలకు ఎడమ చక్రాల నట్లు ఎదురు తిప్పితేనే ఊడేవి. నాకు మీసాలు రాకముందు నుంచీ తెలిసిన సంగతి. సైకిలుకు అదే ఎదురు మర కుడి పక్క పెట్టారేమో. అటు తిప్పాను. టక్కుమని వదిలింది. అరగంట నుంచీ నేను చేసిందల్లా దాన్ని బిగించడమే.

కానుకల పాటప్పుడు కొత్త కప్పుల్లో గ్రీజు పెట్టి, ఆవిడ జాకెట్లకు పూసలు కుట్టినంత నిదానంగా గుండ్లు అద్దాను. ఇరుసు ఊగకుండా, బిగుసుకోకుండా ఎడమ కప్పు సర్ది బిగించాను. దీవెన వినబడేసరికి చేతులు కడుక్కుంటున్నాను.

"సైకిలు ఇచ్చేశారా?" అంటూ వచ్చింది.

"రేపిస్తాలే. ఆఖరిసారి వంతెనవతలకెళ్ళి పచ్చిమిరపకాయలు పట్రా."

గొణుగుతూనే ఎక్కింది. వెనకే సందు మలుపుదాకా వెళ్ళాను. వంతెన దగ్గర దిగబోయింది, దిగలేదు. ఒకసారి కాళ్ళవంక చూసుకుని, తొక్కుకుంటూ పైకెళ్ళి అవతలకు దిగిపోయింది. వచ్చేటప్పుడు మిరపకాయలు మరిచిపోయింది.

"మోకాళ్ళు తేలికయ్యాయండీ."

"ప్రార్థన ఫలించింది" అన్నాను. ఇరుసు సంగతి దాచేశాను. నా జన్మలో అదొక రికార్డు.

తరవాతి ఆదివారం నేనూ చర్చికి వెళ్ళాను. ఆవిడ లేచి మైకు అందుకుంది. "నా కాళ్ళకు బలమిచ్చిన దేవుడికి స్తోత్రం. ఆదివారం మంచం దిగని మా ఆయన్ని దించి, సైకిలు విప్పించినందుకు ఇంకో స్తోత్రం. నా చారు గిన్నెకు మాత్రం గ్రీజు వదల్లేదు."

చర్చంతా నావైపు తిరిగింది. పాస్టరుగారు కూడా నవ్వారు.

బయటికొచ్చాక వెనక కూర్చోమంది. వంతెన ఎక్కుడు రాగానే నేను దిగబోయాను.

"కదలకండి" అంది. "నా కాళ్ళ సంగతి నాకు తెలుసు."