సీపీయూ మోసుకుని హనుమకొండ, పెన్‌డ్రైవ్ పట్టుకుని మరిపెడ

నా వయసు వాళ్లు మొక్కు తీర్చుకోవడానికో మోకాళ్లు చూపించుకోవడానికో ప్రయాణం కడతారు. నేను కంప్యూటర్‌ను చూపించుకోవడానికి కట్టాను. దసరా మర్నాడు మా ఇంట్లో కంప్యూటర్ ఉన్నట్టుండి ఆరిపోయింది. మామూలుగా అయితే ఆరిపోతే ఆరిపోయింది, పేపర్ చదువుకుందాం అనుకునేవాణ్ణి. కానీ అందులో ఖాసిం గొంతు ఉంది. ఖాసిం ఎనుమాముల మార్కెట్‌లో హమాలీల ముఠాకు మేస్త్రి. నేను అక్కడే కమీషన్ మీద మిర్చి అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో గుమస్తాను. గొంతులో గడ్డ ఉందని, స్వరపేటిక మొత్తం తీసేయాలని డాక్టర్లు తేల్చాక, ఆపరేషన్‌కు ముందు అతను మా ఇంటికి వచ్చాడు. మనవరాలి పెళ్లిలో తాను చెప్పాలనుకున్న దువా, దీవెన మాటలు, ముందే నా కంప్యూటర్‌లో చెప్పి వెళ్లాడు. అతనికి రాయడం రాదు, అన్ని కాగితాల మీదా బొటనవేలే. ఇప్పుడు గొంతు లేదు. పెళ్లి ఈ ఆదివారం. ‘చాచా, అబ్బా మాటలు పెన్‌డ్రైవ్‌ల ఏసి పంపు’ అని అతని కూతురు షబానా మరిపెడ నుంచి ఫోన్ చేసిన పూటే డబ్బా చచ్చిపోయింది. కాపీ పెట్టుకోలేదా అని అడగబోతున్న పాఠకులకు నమస్కారం. పెట్టుకుని ఉంటే ఇంట్లో కూర్చుని టీ తాగేవాణ్ణి.

రోగం ఏమిటో ఇంట్లోనే కొంత కనిపెట్టాను. నేను కంప్యూటర్ ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. దుకాణంలో బిల్లులు కొట్టీ కొట్టీ, చెడగొట్టీ బాగుచేసీ నేర్చుకున్నదే. పొద్దున్నే ఆన్ చేస్తే కాసేపు బాగానే నడిచి టక్కున ఆరిపోతుంది. వెంటనే మళ్లీ ఆన్ చేస్తే ఇంకా తొందరగా ఆరిపోతుంది. ఒక పూట వదిలేస్తే మళ్లీ కాసేపు నడుస్తుంది. టేబుల్ ఫ్యాన్ దాని ముందు పెడితే మరికొంచెం ఎక్కువసేపు బతికింది గానీ, ఖాసిం ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కేదాకా ఒక్కసారీ బతకలేదు. జ్వరం అని అర్థం కావడానికి చదువు అక్కర్లేదు. డబ్బా విప్పి చూద్దామంటే మరమేకు మీద కంపెనీ స్టిక్కర్ ఉంది. ‘అది చింపితే వారంటీ పోతది మామయ్యా, దుకాణమోళ్లే ఇప్పాలె’ అని కోడలు అడ్డం పడింది. సరే అని సీపీయూను పాత దుప్పటిలో చుట్టి, మిర్చి బస్తాలో దింపి, పది గంటలకు ఎనుమాముల గేటు దగ్గర ఆటో ఎక్కాను. హనుమకొండకు షేర్ ఆటోలు దొరుకుతాయి గానీ ఇలాంటి సామానుతో ఎక్కనివ్వరు. విడిగా మాట్లాడుకోవాలి. రెండు వందలతో మొదలుపెట్టి నూట అరవైకి వచ్చాడు.

“బస్తల ఏంది బాపూ, కోడిపుంజా?” అన్నాడు ఆటో అతను.

“కంప్యూటర్. ఆగం అయింది.”

“అయితే ఫార్మాట్ కొడ్తరు. మా బామ్మర్ది ఫోన్‌కు గట్లనే కొట్టిన్రు. మంచిగయింది గని, పెండ్లి ఫోటోలన్ని పోయినయ్. ఆడు ఖుషీగున్నడు తియ్.”

నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

దుకాణం చౌరస్తాకు దగ్గర్లో, మొదటి అంతస్తులో. పేరు రాయను. రాసినా లాభం లేదు, పక్కదీ అలాంటిదే. మెట్ల మీద సీపీయూ మోసుకెళ్లేసరికి నేనే ఆరిపోతానేమో అనిపించింది. కౌంటర్ దగ్గర నలభై ఏళ్ల మెకానిక్ ఉన్నాడు. గోడ మీద ఏవో సర్టిఫికెట్లు. నా జ్వరం సిద్ధాంతం వినిపించాను.

“అంకుల్, మీరు యూట్యూబ్ బాగ చూస్తరనుకుంట,” అన్నాడు.

“చూస్త. అండ్లనే మీ అసొంటోళ్ల గురించి గూడ చెప్పిన్రు. జర ఇప్పి చూడు.”

“ఇప్పుడెందుకు? విండోస్ కరప్ట్ అయ్యుంటది.”

“ఏమన్నా గానీ, ఫార్మాట్ మాత్రం కొట్టకు. అండ్ల ఒకాయన గొంతున్నది. ఆయనకిప్పుడు గొంతు లేదు.”

“ఫికర్ చెయ్యకున్రి అంకుల్. కింద చాయ్ తాగి రాన్రి.”

ఇక్కడ ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. మా మార్కెట్‌లో మిర్చి బస్తాకు ధర కట్టేవాడు మూతి దగ్గర కాయలు చూసి ఊరుకోడు. మోచేతి దాకా లోపలికి పెట్టి, నడుమ నుంచి గుప్పెడు తీసి, ఒక కాయ విరిచి, గింజలు గలగలమంటున్నాయో తేమకు అంటుకున్నాయో చూస్తాడు. చెయ్యి పెట్టకుండా ధర చెప్పేవాణ్ణి రైతు దగ్గరికి రానివ్వడు. కంప్యూటర్ దుకాణాల ఆచారం వేరు. ఊళ్లలో కొందరు డాక్టర్లు తలనొప్పని వెళ్లినా, కాలు బెణికిందని వెళ్లినా ముందు ఒక గ్లూకోజ్ బాటిల్ ఎక్కిస్తారు చూడండి, అలా వీళ్లకు ఫార్మాట్. అది వైద్యం కాదు, అలవాటు. మనం చెప్పింది చెవి దాకా వెళ్తుంది, చేతి దాకా వెళ్లదు.

చాయ్ తాగి, కాసేపు కూర్చుని పైకి వచ్చేసరికి తెర మీద కొత్త నీలం బొమ్మ మెరుస్తోంది; దుకాణం ఏసీ చలువకేమో, ఈసారి అంతసేపూ ఆరిపోకుండా బతికింది. నా ఫైళ్లు ఒక్కటీ లేవు. “అయిపోయింది అంకుల్, కొత్తదాని లెక్క నడుస్తది,” అన్నాడు. నేను నోరు తెరిచేలోపు కొత్తదాని లెక్క నడుస్తున్న ఆ కంప్యూటర్ టక్కున ఆరిపోయింది.

అప్పుడు విప్పాడు. పక్క మూత తీయగానే లోపలంతా కుంకుమ. ప్రాసెసర్ మీది ఫ్యాన్ రెక్కకూ చట్రానికీ మధ్య ఒక పసుపు బియ్యపు గింజ ఇరుక్కుని ఉంది. ఫ్యాన్ తిరగడం లేదు. వేలితో గింజ తీశాడు, బొయ్యిమని తిరిగింది. ఆయుధపూజ నాడు మా వాడకట్టులో తరాజుకూ బండికీ కత్తెరకూ పూజ చేస్తారు. మా ఇంట్లో సీపీయూకు చేస్తాం. బొట్టు నిలవాలని దాన్ని పీట మీద పడుకోబెట్టి, గాలి కోసం పెట్టిన చిల్లుల వైపు పైకి ఉంచి, ఇంట్లో పెద్దవాణ్ణి కాబట్టి అక్షింతలు నేనే వేశాను. మెకానిక్ ఆ గింజను అరచేతిలో పెట్టి చూపించాడు.

“గిది మీ తప్పే గద అంకుల్?”

“ఔ. మరి కొట్టిన ఫార్మాట్ ఎవరిది?”

గింజను కౌంటర్ మీద పెట్టి కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. పోయిన ఫైళ్లను వెతికే సాఫ్ట్‌వేర్ ఏదో నడిపాడు. పైన కొత్త విండోస్ రాసేశాడు కదా, పేర్లు లేని తునకలు కొన్ని బయటపడ్డాయి. వాటిలో ఒక్కటి పలికింది. “ఏం గుమస్తా, రికార్డ్ అయితాందా? మొదలు పెట్టాల్నా?” అన్నాడు ఖాసిం, పాత గొంతుతో, బస్తాల మీద నిలబడి ముఠాను కేకేసే గొంతుతో. ఆ తరువాత రేకు మీద వాన పడ్డట్టు చప్పుడు, చివరిదాకా.

ఆ తునకనే పెన్‌డ్రైవ్‌లో వేయించుకుని, సీపీయూను అక్కడే వదిలి, మధ్యాహ్నం మరిపెడ బస్సు ఎక్కాను. వర్ధన్నపేట, తొర్రూరు మీదుగా వెళ్తుంది. రెండు గంటలు అనుకోండి, ఇంకో అరగంట చేతిలో ఉంచుకోండి. ఆడవాళ్లకు టికెట్ లేదు, నాకు సీటు లేదు. తొర్రూరులో కూర్చున్నాను. ఫోన్‌లో చెప్పేయొచ్చు కదా అంటారు. ఇలాంటి మాట ఫోన్‌లో చెప్పే చదువు నేను చదవలేదు.

షబానా ఇల్లు రోడ్డు పక్కనే. వాకిట్లో కుర్చీలు దించుతున్నారు. ఖాసిం మంచం మీద కూర్చుని ఉన్నాడు, మెడకు గుడ్డ చుట్టుకుని. జరిగింది చెప్పాను. షబానా పెన్‌డ్రైవ్‌ను టీవీకి పెట్టింది. ఖాసిం తన గొంతు విని చటుక్కున నా వైపు తిరిగాడు. తరువాత వాన చప్పుడు వచ్చింది. అది ఆగేదాకా కదలకుండా విన్నాడు, ఆ చప్పుడు వెనక ఇంకా మాటలు ఉన్నాయేమో అన్నట్టు.

“చాచా, నువ్వు పక్కనే ఉంటివి గద,” అంది షబానా. “యాదికున్నకాడికి చెప్పు. పెండ్లిల ఎవలమన్న చదువుతం.”

గుర్తున్నది చెప్పాను. బిడ్డ నవ్వుతూ ఉండాలన్నాడు, అత్తగారింట్లో గట్టిగా మాట్లాడడానికి భయపడొద్దన్నాడు. ఖాసిం తల అడ్డంగా ఊపాడు. మరోలా చెప్పి చూశాను. మళ్లీ అడ్డంగానే ఊపాడు. నోరు తెరిచాడు, పెదవులు ఆడించాడు. షబానా దగ్గరికి వంగి చూసింది. ఆమెకు అర్థం కాలేదు, నాకూ కాలేదు. కాసేపటికి అతను చెయ్యి విసిరి గోడ వైపు తిరిగాడు.

“ఖాజీ సాబ్ దువా చదువుతడు తియ్ చాచా. నువ్వు ఫికర్ చెయ్యకు,” అంది షబానా. ఆ రోజు ఫికర్ చెయ్యొద్దని నాతో చెప్పిన రెండో మనిషి ఆమె. చాయ్ ఇచ్చింది, తాగాను.

తిరుగు బస్సులో సీటు దొరికింది. కోపం ఎవరి మీద పెట్టుకోవాలో చూసుకుంటూ కూర్చున్నాను. మెకానిక్‌ను తిట్టుకుంటే నా అక్షింతలు అడ్డం వచ్చాయి. నన్ను నేను తిట్టుకుంటే అతను నవ్వుతూ ‘చాయ్ తాగి రాన్రి’ అన్నాడు. ఒక మనిషి ఆఖరి మాటలు పోవడానికి శత్రువులు అక్కర్లేదని తెలిసింది. దీవించే చెయ్యి ఒకటి, బాగుచేసే చెయ్యి ఒకటి ఉంటే చాలు. మర్నాడు వెళ్లి తెచ్చుకున్న కంప్యూటర్ ఇప్పుడు బ్రహ్మాండంగా నడుస్తోంది. ఎంత స్పీడో చూడండి మామయ్యా అని కోడలు మురిసిపోతుంది. ఖాళీ బండి వేగంగా పరుగెత్తిందని మురిసే వాళ్లను మార్కెట్‌లో నేను చూడలేదు.

ఇలాంటి ప్రయాణం పడ్డవాళ్లకు ఒక్క చిట్కా. దుకాణంలో అడుగు పెట్టగానే, ఏ మాటా మొదలుపెట్టకముందే, మీ కళ్ల ముందు హార్డ్‌డిస్క్ విప్పించి జేబులో వేసుకోండి. ఆ తరువాత ఎన్ని చాయ్‌లు తాగి రమ్మన్నా వెళ్లి తాగండి.