అర్జీల పెద్దమ్మ

ఎవరు అన్యాయం చేసినా దేవుడికి అర్జీ రాసెయ్యడం, అదీ పెద్దమ్మకున్న జబ్బు. ఆస్పత్రి లాండ్రీలో ఇరవై ఏళ్ళుగా దుప్పట్లు, కోట్లు ఇస్త్రీ చేస్తున్న మనిషి. తిట్టదు, పోట్లాడదు. కొప్పులోంచి పెన్సిలు ముక్క తీస్తుంది. మందుల పెట్టె అట్ట చింపి నాలుగు మాటలు రాసి, బైబిల్లో పెట్టేస్తుంది. "నేనేమీ అననయ్యా. ఆయనకి రాసేశాను" అంటుంది. అంతే!

ఆ మాటకి అందరికీ చెమటలు పట్టేవి. పట్టవా మరి! ఉతికిన దుప్పట్ల మీద బురద చిమ్మిన వ్యాను డ్రైవరుకి మర్నాడే రెండు టైర్లూ పేలాయి. బండి గుంట అంచున ఆగబట్టి బతికిపోయాడు. ఆమె స్టూలు ఎత్తుకుపోయిన ఉతికేవాడు సబ్బునీళ్ళలో జారి, మాసిన బట్టల గుట్ట మీద వెల్లకిలా పడ్డాడు. అప్పట్నుంచి ఎవరైనా కాస్త తోక జాడిస్తే చాలు, "పెన్సిలు తీస్తుందిరోయ్!" అనేవాళ్ళు పక్కవాళ్ళు.

సూపర్‌వైజరుకి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. లేదనే చెప్పుకునేవాడు, పాపం.

ఓ సోమవారం అతను పెద్ద డాక్టరుగారి తెల్లకోటు మీద వేడి ఇస్త్రీపెట్టె వదిలేసి ఫోన్లో కబుర్లలో పడ్డాడు. కోటు వీపున అరచెయ్యంత కాలింది. మేనేజరు కళ్ళెర్రజేసేసరికి "పెద్దమ్మ పనే సార్" అనేశాడు.

"వయసు మీద పడింది. శనివారంతో పంపించేద్దాం" అన్నాడు మేనేజరు.

"నేను కాదు బాబూ" అంది పెద్దమ్మ. ఎవరు వింటారు? సూపర్‌వైజరు కేసి ఒక్క చూపు చూసి, పెన్సిలు తీసింది. ఈసారి అట్టకి రెండు వైపులా రాసింది!

మంగళవారం అతని చెప్పు తెగింది. బుధవారం పన్ను పోటు మొదలైంది. గురువారం లిఫ్టులో గంటసేపు ఇరుక్కున్నాడు. 'ఇదంతా ఒక వైపేనేమో! రెండో వైపు ఏం రాసిందో!' అని వణికిపోయాడు.

శుక్రవారం పొద్దున్నే మేనేజరు గదిలోకి దూరి, "కోటు కాల్చింది నేనే సార్, ఆవిడ కాదు" అని ఒక్క గుక్కలో చెప్పేశాడు. మేనేజరు చెడామడా తిట్టి, డాక్టరుగారికి క్షమాపణ చెప్పుకోమన్నాడు. పెద్దమ్మని పంపే మాట అంతటితో ఆగింది. అమ్మయ్య! సూపర్‌వైజరు బుగ్గ పట్టుకుని ఇస్త్రీ బల్ల దగ్గరికి పరుగెత్తాడు.

"పెద్దమ్మా, నిజం చెప్పేశాను! నీ ఉద్యోగం నీకుంది. ఇక ఆ అర్జీ వెనక్కి తీసుకో, నీ కాళ్ళు పట్టుకుంటా!"

"కాళ్ళెందుకు నాయనా, చదువుకో" అని అట్టముక్క ఇచ్చింది.

'ప్రభువా, ఈ అబ్బాయి అబద్ధమాడాడు. నువ్వు చూశావు. న్యాయం చేస్తావు, నాకు తెలుసు. కాకపోతే మెల్లిగా చెయ్యి. భయంతో నోరు జారాడు గానీ చెడ్డవాడు కాదు. నిజం చెప్పే ధైర్యమివ్వు.'

అట్ట వెనక్కి తిప్పాడు.

'వీళ్ళ పాపకి పరీక్షలు. ఆ ఇంట్లో గొడవ రానివ్వకు. డ్రైవరుకి, ఉతికే అబ్బాయికి అడిగినట్టే ఇతనికీ ఒంటి మీద గీత పడకుండా చూడు.'

అతను రెండు వైపులా మళ్ళీ చదివాడు. "నీకు కోపం రాలేదా పెద్దమ్మా?"

"రాకేం! అందుకే ఆయనకి అప్పజెప్పేశాను. నా చేతిలో ఇస్త్రీపెట్టె ఉందాయె!"

"మరి ఈ పన్ను పోటు?"

"పన్ను సంగతి నేనెక్కడ రాశాను? నీ టీలో నాలుగు చెంచాల పంచదార ఎవరు వేసుకోమన్నారు?" అంటూనే కొప్పులో పెన్సిలు వెతుక్కుంది. "ఉండు, దానికీ రాస్తాను. నువ్వు మాత్రం పైకెళ్ళి పళ్ళ డాక్టరుకి చూపించుకో."

ఏ నమ్మకమూ లేని సూపర్‌వైజరు అక్కడే నిలబడ్డాడు.

"ఎడమవైపని స్పష్టంగా రాయి పెద్దమ్మా" అన్నాడు.