కట్టని చీరకి ముడతలు

మొన్న మా అమ్మాయి సోఫాలో బోర్లా పడుకుని ఫోనులో ఏదో ఆట ఆడుతుంటే తొంగి చూశాను. ఆటలో దాని బొమ్మకి పరికిణీ తొడుగుతోంది. ఆ బొమ్మ మెట్లు దిగుతుంటే పరికిణీ అంచు మెట్టు మెట్టుకీ కొట్టుకుని వెనక్కి ఊగింది. "దీన్ని ఎవరు గీశారే?" అన్నాను. "ఎవరూ గీయరమ్మా, అదే ఊగుతుంది" అని నా అజ్ఞానానికి జాలిపడి మళ్లీ ఆటలో పడిపోయింది. అదే ఊగుతుందట! ఒక్క చీరకి నాలుగు ముడతలు తెప్పించడానికి మా ఇంటిల్లిపాదీ ఎంత హడలిపోయామో దానికేం తెలుసు?

రెండువేల ఏడో ఎనిమిదో, సరిగ్గా గుర్తులేదు. అప్పటికి మేం కొత్తపేట దగ్గర పల్లెలో మా అత్తగారింట్లోనే ఉండేవాళ్లం. మావారికి అమలాపురంలో ఫొటో స్టూడియో. పెళ్లి ఫొటోల్లో మొటిమలు చెరపడం, మూసుకున్న కళ్లు తెరిపించడం ఇంట్లో కంప్యూటరు మీద నా పని. హైదరాబాదులో ఉండే మా పిన్ని కొడుకు ఒకరోజు ఫోను చేసి, "అక్కా, మా ఆఫీసులో బొమ్మలకి బట్టలు కుట్టాలి, చేస్తావా?" అన్నాడు. విదేశాల వాళ్లు కంప్యూటర్లో ఒక ఊరు కట్టుకున్నారట. తలా ఒక బొమ్మ అయిపోయి ఆ ఊళ్లో తిరుగుతారట, ఇళ్లు కట్టుకుంటారట, కబుర్లాడుకుంటారట. వాళ్లకి మన పట్టుచీర కావాలట. ముందు ఒక్క చీర చేసి చూపిస్తే, నచ్చితే ఇంట్లోనే కూర్చుని చేసుకునే ఉద్యోగం. ఒకరి మొటిమలు చెరిపి చెరిపి విసిగిపోయి ఉన్నానేమో, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అసలు చిక్కేమిటంటే, ఆ బొమ్మకి గుడ్డ అంటూ విడిగా ఉండదు. గోడకి రంగు కాగితం అంటించినట్టు ఒంటికి అంటించేయడమే. మడత దగ్గర నీడ, మోకాలి దగ్గర మెరుపు అన్నీ మనమే ఆ కాగితంలో చూపించాలి. ఎదటి వైపూ వెనక వైపూ విడివిడిగా చేసి, నడుం పక్కన రెండూ కలిసేచోట అంచు వెంట్రుకవాసి తేడా లేకుండా సరిపోవాలి. దానికి మంచి పట్టుచీర ఫొటో కావాలి. నా పెళ్లిచీర జరీ అప్పటికే నల్లబడింది. ఇంట్లో మచ్చలేని చీర ఒక్కటే ఉంది, మా అత్తగారి పెట్టెలో. మామగారి షష్టిపూర్తికి ఆయనే వెళ్లి తెచ్చిన ఉప్పాడ పట్టు. మామిడిపండు రంగు, చిలకపచ్చ అంచు. ఆ రోజు ఆవిడ పుట్టింటి చీర కట్టుకుని, దీన్ని మాత్రం "నేను ముత్తైదువగా వెళ్లిపోయిన రోజున కట్టండి" అని పెట్టెలో దాచేశారు. అలాంటి చీరని అడగడానికి నాకు రెండ్రోజులు నోరు పెగల్లేదు. ఆవిడ మాత్రం తేలిగ్గానే, "ఫొటోయేగా, తీసుకోమ్మా. ఒంటిమీద మాత్రం వేసుకోకు" అన్నారు.

చీర చేతికొచ్చిన దగ్గర్నుంచి నాకు భయమే. బల్లి పడుతుందేమో, కాఫీ ఒలుకుతుందేమో. పెరట్లో మంచం మీద దుప్పటి పరిచి, దాని మీద చీర పరిచి ఫొటోలు తీశాను. పంపితే మా తమ్ముడు, "ఈ చారలు డిజైనా అక్కా?" అన్నాడు. చూద్దును కదా, చీర నిండా కొబ్బరాకుల నీడలు! మా పెరట్లో నీడపడని చోటు వెతకడం గోదాట్లో తడవని చోటు వెతకడమే. డాబా మీదికి ఎక్కి, మబ్బు పట్టేదాకా కాపుకాసి మళ్లీ తీశాను. ఈసారి వాడు, "గుడ్డ భలే ఉందక్కా. కానీ ఎవరూ కట్టుకున్నట్టు లేదు, కొట్లో బొమ్మకి చుట్టినట్టుంది. మనిషి కట్టుకుని లేచీ కూర్చుంటే వచ్చే ముడతలు కావాలి" అన్నాడు. నా నూలుచీర ముడతల్ని ఫొటో తీసి దీనికి అతికిస్తే పట్టుచీర కాస్తా తడిగుడ్డయి కూర్చుంది. గతిలేక, ఒక్కసారి మీరు కట్టుకుంటారా అని అత్తగారిని అడిగాను. ఆవిడ బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండానే, "అది కట్టేది ఒక్కసారేనమ్మా. ఆ రోజు ముడతలు చూసుకునేదాన్ని నేను కాదు" అన్నారు.

ఆ మర్నాడే కాఫీ తాగుతూ తాగుతూ మామగారు గుండె పట్టుకుని ఒరిగిపోయారు. కారు మాట్లాడి రాజమండ్రి తీసుకెళ్లారు. మావారూ అత్తగారూ ఆయనతో వెళ్లారు. పసిపిల్లతో నేను ఇంట్లో ఉండిపోయాను. చీర ఇంకా నా కంప్యూటరు బల్ల మీదే ఉంది. ఆ రోజు కోసమని దాచిన చీరని నేను బయటికి తీయించాను, ఈయన ఇలా పడ్డారు. చదువుకున్నదాన్ని, ఇలాంటివి నమ్మనుగానీ, నమ్మనని ఎన్నిసార్లు అనుకున్నా ఆ ఊహ వదల్లేదు. పోనీ పెట్టెలో పెట్టేద్దామా అంటే, ఇప్పుడు పెడితే దేనికి సిద్ధం చేస్తున్నట్టు? బయటే ఉంచితే దేనికోసం ఎదురు చూస్తున్నట్టు? చీర పట్టుకుని పెట్టెదాకా వెళ్లడం, వెనక్కి రావడం. ఆయనకి ఏమైనా అయితే ఆవిడ ఈ చీర ఇక ఎప్పటికీ కట్టుకోరు. ఫోను మోగితే ఎత్తాలంటే భయం, మోగకపోతే అంతకన్నా భయం. అత్తగారు ఫోనులో చీర మాటే ఎత్తలేదు. "పిల్ల పాలు తాగిందా?" అనేవారు, అంతే. తిట్టినా బాగుండేది.

మామగారు గండం గడిచి ఇంటికొచ్చారు. సగమయ్యారు, గొంతు మాత్రం పాతదే. పడక్కుర్చీలో కూర్చుని, బల్ల మీద చీర చూసి సంగతేమిటని అడిగారు. నసుగుతూ చెప్పాను. వెంటనే అత్తగారిని పిలిచారు.

"ఏమే, నువ్వు ముందెళ్తే దీన్ని చూసే ఓపిక నాకుండదు. నేను ముందెళ్తే కట్టే వీలు నీకుండదు. కొన్నవాణ్ణి, మరి నేనెప్పుడు చూడాలే?"

"ఆయ్, చాల్లెండి. ఇంటికొచ్చీ రాగానే ఏం మాటలండీ అవి!" అని ఆవిడ విసవిసా లోపలికి వెళ్లిపోయారు. వంటింట్లో గిన్నెల చప్పుడు చాలాసేపు వినిపించింది. నేను ఆయన వంక చూడలేక కిటికీ వంక చూస్తూ నిలబడ్డాను. ఆ చప్పుడు ఆగింది. ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చి, చీర తీసుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకున్నారు.

ఆవిడ చీర కట్టుకుని బయటికి వచ్చాక, కంగారులో మొదటి ఫొటోలన్నీ చెడగొట్టాను. ఆవిడ కూర్చున్నారు, లేచారు, కొంగు నడుముకి దోపి ఆయనకి మాత్ర అందించారు. ఒళ్లో పడిన ముడతలు, నడుం దగ్గర బిగిసిన మడత, పిడికిలి పట్టి వదిలిన చోట కుచ్చెళ్ల నలుగుడు, అన్నీ తీశాను. ఆయన కన్నార్పకుండా చూసి, చివరికి, "పచ్చంచా ఇది? ఎర్రంచనుకున్నానే!" అన్నారు. "కొన్నవారికే తెలీదు, సంబడం!" అంటూ ఆవిడ నవ్వారు, నవ్వుతూనే కళ్లు ఒత్తుకున్నారు. నాకూ ఏడుపొచ్చింది.

చీర మా తమ్ముడి ఆఫీసులో నెగ్గింది, ఉద్యోగం వచ్చింది. కొన్నేళ్లకి ఆ కంపెనీ మూతపడింది, ఆ ఊళ్లో నా చీర కట్టుకుని ఎవరు తిరిగారో నాకు తెలియనే తెలియదు. అత్తగారు మాత్రం ఆ చీరని మళ్లీ పెట్టెలో పెట్టలేదు. పేరంటాలకి కట్టారు, రాజమండ్రి డాక్టరు దగ్గరికి కట్టారు, ఊరికే ఆదివారం పూట కూడా కట్టారు. జరీ పోగులు లేచిపోయి, కుచ్చెళ్ల దగ్గర చీలిపోయి, ఆఖరికి రెండు గౌన్లయి మా అమ్మాయి ఒంటి మీదికి వచ్చింది. ఆ తర్వాత చాన్నాళ్లకి మామగారే ముందు వెళ్లిపోయారు. పదకొండో రోజు దాటాక ఎవరో బంధువులావిడ ఆ పట్టుచీర సంగతి ఎత్తి, కట్టుకునే యోగం లేకపోయిందే అని నొచ్చుకోబోతే, మా అత్తగారు, "లేకేం? చిరిగిందాకా కట్టేను. ఆయన చూసేరు" అన్నారు. ఎవరు ముందు, ఎవరు వెనక అన్న వరస కాలం మనల్ని అడిగి పెట్టదు.