లారీలో ఎడమ పక్క సీటు

మా అమ్మ భద్రమ్మకు ఒక సవతి ఉండేది. పేరు ఏడో నంబరు జాతీయ రహదారి. మా నాయన కుళ్లాయప్ప ముప్పై ఎనిమిదేళ్లు లారీ తోలినాడు. బత్తలపల్లెలో ఉన్న సొంత ఇంటికి ఆయన వచ్చేది చుట్టపుచూపుగానే. వచ్చిన రెండో రోజుకే గడపలో నిలబడి రోడ్డు వైపు చూస్తూ, ఈ ఇంట్లో గాలి ఆడదప్పా అనేవాడు. మా ఇంటికి నాలుగు కిటికీలు.

అమ్మ ఆ సవతిని భరించింది. నావల్ల కాలేదు. చిన్నప్పటి నుంచీ నాకు ఒకటే కోరిక. లారీలో నాయనకు ఎడమ పక్కన కూర్చుని ఒక్క ట్రిప్పు పోవాలి. అడిగినప్పుడల్లా, చదువుకోపో సోమప్పా అనే ఒక్క మాటే జవాబు. ఆ కోపంతో చదివి, చదివి, ఎం.ఏ. దాకా పోయి, చివరికి హైస్కూల్లో తెలుగు పంతులుగా తేలాను. కోపం మనిషిని ఎంతకైనా దిగజారుస్తుంది.

2003 ఎండాకాలం. వానల్లేక చేన్లలో పశువులకు వేసే శెనక్కాయ కట్టె కూడా మిగల్లేదు. ఊరూరా పశువుల క్యాంపులు పెట్టారు. నంద్యాల పక్క కాలువ కింది పల్లెల నుంచి వాటికి వరిగడ్డి తోలే పని నాయనకు దొరికింది. అప్పటికాయనకు అరవై మూడేళ్లు. క్లీనరు సుంకన్న అంతకు ముందు నెలలోనే రాయదుర్గం పోయి జీన్సు ప్యాంట్లు కుట్టే పనిలో చేరాడు. అట్లా ఎడమ సీటు ఖాళీ అయింది.

ఆ సింహాసనానికి వారసుడెవరనే అనుమానమే నాకు రాలేదు. బడికి సెలవులు గదా అని నేను సంచిలో పంచె, తువ్వాలు సర్దుకుంటూ ఉండగా, నాలుగో తరగతి పాసయిన నా కూతురు ప్రశాంతి రెండు జడలూ ఊపుకుంటూ పోయి లారీ ఎక్కేసింది. నాయనే చెయ్యి అందించాడు. పోయొస్తామప్పా అని నాతో అన్నాడు, పక్కింటి పెద్దమనిషికి చెప్పినట్టు.

తర్వాతి మూడు వారాలు నేను పడిన బాధ పగవాడికి కూడా వద్దు. ట్రిప్పు నుంచి వచ్చిందంటే ఆ పిల్ల నోరు మూతపడేది కాదు. తాడిపత్రి దాటినాక ఏ హోటల్లో ఉగ్గాని కారంగా ఉంటుంది, టైరును రాడ్డుతో కొడితే ఎట్లాంటి చప్పుడొస్తే గాలి తగ్గినట్టు, టీ అమ్మే గంగక్క గుడిసె ముందర తాత మూడుసార్లు హారన్ ఎందుకు కొడతాడు, ఇవన్నీ చెప్పేది. నాయన రోడ్డు మీద పద్యాలు పాడతాడని కూడా అదే చెప్పింది. ముప్పై ఏడేళ్లుగా ఆయన కొడుకును నేను. పైగా తెలుగు పంతులును. ఒక్క పద్యం నా చెవిన పడలేదు.

నా ముఖం చూసి మా ఆవిడ సరళ, "కూతురి మీద కుళ్లుకునే తండ్రిని నిన్నే చూస్తాండా" అంది. అది కుళ్లు కాదనీ, ఆడపిల్ల భద్రత గురించిన ఆందోళన అనీ ఆమెకు వివరించాను. ఆ భద్రత కోసమే ఈసారి నేనూ పోతున్నానని ప్రకటించాను.

లారీ ఎక్కగానే తండ్రి హోదాలో ప్రశాంతిని మధ్యలోకి జరిపి ఎడమ సీటు ఆక్రమించాను. మధ్యలో ఉండేది ఇంజను మీది రేకు మూత. దాని మీద గోనెపట్ట పరుస్తారు. పరిచినా, పెనం మీద దోసె పడే అవస్థ కొంత తెలుస్తుంది. పిల్ల తాత వైపు చూసింది. తాత రోడ్డు వైపు చూశాడు. నంద్యాల దాకా పద్యం గానీ, మాట గానీ లేదు.

మర్నాడు తెల్లారగానే గడ్డి వేసుకుని తిరుగుదారి పట్టాము. గడ్డి లోడు లారీకి రెండు పక్కలా బయటికి పొంగి ఉంటుంది. డ్రైవరుకు అద్దంలో వెనకాల ఏమీ కనిపించదు. అందుకని ఎడమ పక్క మనిషి తల బయటికి పెట్టి చెట్టుకొమ్మ, కరెంటు తీగ, సైకిలు, ఏది దగ్గరికొచ్చినా కేకెయ్యాలి. డ్రైవరు ఆ కేకను నమ్మి తోలతాడు. కొమ్మలు చూసుకో అని నాయన నాకూ చెప్పాడు. చూసుకోవడమే గదా అనుకున్నాను.

తాడిపత్రి ఇంకా రాకముందే ఒక చింతకొమ్మ రోడ్డు మీదికి వంగి కనిపించింది. నేను చూడలేదంటే అబద్ధమవుతుంది. చూశాను.

"నాయనా, అదో ఆ ముందర కనిపిస్తున్న చింతచెట్టు ఉంది చూడు, దాని కొమ్మ మన లోడుకు..."

"తాతా, కొమ్మ!" అని ప్రశాంతి అరిచింది.

ఆ పిల్ల మాటకు బ్రేకు పడింది గానీ, అప్పటికే కొమ్మ గడ్డిలో దిగబడిపోయింది. తాడు తెగి పైవరుస మోపులన్నీ రోడ్డు మీద పడ్డాయి. ఎదురుగా వస్తున్న గొర్రెల మంద ఆ కరువులో ఆకాశం నుంచి రాలిన ఈ విందును మారుమాట లేకుండా అందుకుంది. కాపరి కర్ర మీద గడ్డం ఆనించి, "ఎవురప్పా ఆ పుణ్యాత్ముడు?" అని అడిగాడు. నాయన ఏమీ దాచకుండా నన్ను చూపించాడు.

నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. గొర్రెలు మిగిల్చిన మోపులు ఎత్తి, తాడు బిగించి, ఎక్కబోతూ అన్నాడు.

"సోమప్పా, నువ్వు నడుమకు రా. పాపను ఆడ కూర్చోనీ."

"నేను చూసినా గదా నాయనా."

"చూసినావు. నువ్వు చెప్పేది అయ్యేలోపలే కొమ్మ వచ్చి కూర్చున్నాది."

గోనెపట్ట మీద కూర్చున్నాను. అంత అవమానం జరిగాక ఇంకేం దాచుకునేదని, చిన్నప్పుడు నన్ను ఒక్కసారన్నా ఎందుకు ఎక్కించుకోలేదని అడిగేశాను. నాయన గేరు మార్చి చెప్పాడు.

"ఎక్కితే దిగవని బయపడినా. నా మాదిరే అయితావని."

"మరి ఈ పిల్ల?"

"ఇప్పుడు బయపడే వయసు దాటిపోయిందప్పా నాకు."

ఈ మాటకు కొడుకన్నవాడి గుండె కరగాలి. నా కింద ఇంజను ఆ పని ముందే మొదలుపెట్టింది. గేరు మార్చినప్పుడల్లా నాయన మోచెయ్యి నా పక్కటెముకలకు తగిలేది. ఆయన పక్కన అంత దగ్గరగా నేను ఎప్పుడూ కూర్చోలేదు. ఆ సంతోషం అనుభవిద్దామంటే, నాయన మాట్లాడేదంతా నా తల మీదుగా ప్రశాంతితోనే.

మరుసటి ఏడు నాయన లారీ తోలడం మానేశాడు. నాలుగేళ్లు మా గడపలో కూర్చుని, 2008లో పోయాడు. ఇప్పటికీ ఎవరైనా ఇంటికొచ్చి పెద్దాయన సంగతులు ఎత్తితే, జవాబు కోసం ప్రశాంతి వైపే తిరుగుతారు. అది చెబుతుంది. ఎక్కడన్నా ఒక ఊరి పేరో, ఒక మలుపో తప్పు చెప్పకపోతుందా అని నేను కాచుకుని వింటాను. ఇంతవరకూ ఒక్కటీ దొరకలేదు.