అత్త తన పేజీ మూసేసిన సంగతి

మా మేనత్త బట్టలు కుడుతుంది. ఇంటి ముందుగదే ఆమె కొట్టు. కిటికీ పక్కన మెషీను, గోడవారగా కత్తిరింపుల బల్ల, తలుపు వెనక నిలువుటద్దం. చదువు కోసం నేను ఆ ఇంట్లోనే ఉంటున్నాను.

అత్త కొలతలు రాసుకోదు. టేపు పట్టుకుంటే రెండు చేతులకూ పనే, ఇక కలం దేనితో పట్టుకోవాలంటుంది. కొట్టు పేరుతో ఆన్‌లైన్‌లో ఒక పేజీ ఉండేది. ఫోను బల్ల మీద పెట్టి, ఆ పేజీలోంచి వాయిస్ మెసేజ్ నొక్కి, టేపు లాగుతూ గొంతు తగ్గించి చెప్పేది. "పొడుగుచేతుల టీచరు. భుజం పదిహేను. చెయ్యి ఇరవై నాలుగు, దేవుడా." అది లోపలి గదిలో చిన్నత్త ఫోనుకు వెళ్లేది. చిన్నత్త అంటే అత్త తోడికోడలు. ఆమె విని, అక్కడే బట్ట కత్తిరించేది. గోడకు అవతల ఉన్న మనిషికి ఫోనులో చెప్పడమేమిటని మామయ్య నవ్వేవాడు.

"అరిస్తే ఆవిడ నడుం కొలత వీధంతా వింటుంది. నీ నడుం అరవమంటావా?" అనేది అత్త.

తర్వాత చిన్నత్త పక్కవీధిలో సొంత కొట్టు పెట్టుకుంది. గొడవేమీ జరగలేదు. తనకంటూ ఒకటి కావాలంది, అంతే. గొడవ పడి ఉంటే అత్తకు తేలికగా ఉండేది. తిట్టుకోవడానికి ఏమీ దొరక్క, ఆమె చిన్నత్త పేజీ చూడడం మొదలుపెట్టింది.

కాజా కుడుతూ చూసేది, అన్నం వారుస్తూ చూసేది. గౌను ఫోటో వస్తే వేళ్లతో పెద్దది చేసి కుట్టు కుట్టూ వెతికేది. ఎంతమంది మెచ్చుకున్నారో లెక్క పెట్టి, వాళ్లలో తన దగ్గరికి వచ్చేవాళ్లెవరో చూసేది. ఒకరోజు అందులో మా పొడుగుచేతుల టీచరు కొత్త చొక్కాలో నవ్వుతూ కనిపించింది. ఆ మధ్యాహ్నం అత్త ఒక ప్యాంటుకు రెండు కాళ్లూ ఎడమవే కత్తిరించింది.

"నా పేజీ మూసేస్తా," అంది నాతో. "అది ఉన్నంతకాలం నేను చూడకుండా ఉండలేను. శాశ్వతంగా మూసేయాలి. తాత్కాలికం అంటే నా సంగతి నాకు తెలుసు."

"మూస్తే లోపలున్నవన్నీ పోతాయత్తా. కొలతలు కూడా."

అత్త చేతిలో కత్తెర ఆగిపోయింది. ఆమె బతుకు మొత్తం ఆ మెసేజుల్లోనే ఉంది.

సహాయం పేజీ తెరిచి నెమ్మదిగా చదివాను. ముందు మన సమాచారం మొత్తానికి కాపీ అడగాలి. అడిగాం. అది తయారై వచ్చేలోగా మిగతా పనులు చూసుకున్నాం. గుడ్డలు తెప్పించే యాప్‌లోకి ఇదే అకౌంటుతో వెళ్తోంది, అందుకని దానికి ఫోను నంబరూ వేరే పాస్‌వర్డూ పెట్టాం. ఇక మీదట ఈ నంబరుకు ఫోను చేయండని పేజీలో రాశాం. కాపీ వచ్చాక నాలుగైదు మెసేజులు తెరిచి విన్నాం, మాట స్పష్టంగానే ఉంది. ఇంకో కాపీ మామయ్య కంప్యూటరులో దాచాం.

"అయిపోయిందిగా, నొక్కు," అంది అత్త.

కిందనున్న ఇంకో వాక్యం చదివాను. అకౌంటు మూసినా, మనం ఇతరులకు పంపిన మెసేజులు వాళ్ల దగ్గరే ఉంటాయట.

"అంటే నా కొలతలన్నీ ఆ చిన్నదాని దగ్గరే ఉంటాయా? నేను మూసుకుని కూర్చుంటే, అది నా మనుషులకు హాయిగా కుట్టుకుంటుందా?"

పంపినవాటిని ముందే ఒక్కొక్కటిగా వెనక్కి తీసుకుంటే రెండు వైపులా పోతాయని చెప్పాను. అత్త కుర్చీ లాక్కుని కూర్చుంది. విని, గుర్తుపట్టి, తీసేయడం మొదలుపెట్టింది. అలా వింటున్నప్పుడే వాటి కింద చిన్నత్త పంపిన జవాబులూ వినబడ్డాయి. ఇన్నేళ్లలో అత్త వాటిని ఎన్నడూ తెరిచి వినలేదు.

"అక్కా, ఆ నర్సు కొలతప్పుడు ఊపిరి బిగపడుతుంది. నడుం దగ్గర కాస్త వదులు పెడుతున్నా."

"అక్కా, టీచరుకు కుడి భుజం కిందికి ఉంటుంది. చూసుకుని కత్తిరించా."

అత్త ముఖం నల్లబడింది. ఒంటికి అతికినట్టు కుడతావని అందరూ అత్తనే మెచ్చుకునేవాళ్లు. ఈ మధ్య నర్సు కోటు రెండుసార్లు బిగుతుగా ఉందని తిరిగొచ్చింది. నర్సే లావైందని అత్త అందరితో చెప్పింది.

ఇంకొన్ని తీసేసింది. ఇదివరకటి కంటే గట్టిగా నొక్కుతోంది.

ఫోను మోగింది. చిన్నత్త.

"అక్కా, నా ఫోనులోంచి కొలతలు ఎవరో లాగేస్తున్నారు. దొంగలు పడ్డారా?"

"నావి నేను తీసుకుంటున్నా."

"కొలతలు నీవే. వదులు నాది. నేను పంపినవి తీయలేవుగా?"

"ఆ టీచర్ని లాక్కున్నదానివి, నీకు మాటలు కూడానా!"

"ఆవిడ నా దగ్గరికి ఒక్కసారి వచ్చింది. కాలరు బాలేదు, నీ దగ్గరికే పోతానంది. నేను రోజూ నీ పేజీ చూస్తా అక్కా. ఆ కాలరు ఎలా నిలబెడతావో తెలియక కడుపు రగిలిపోతోంది. ఫోను చేయండని పేజీలో పెట్టావేంటి, మూసేస్తున్నావా?"

దాచుకుందామన్నా దాగని సంతోషంతో అత్త అడిగింది: "నిజంగా రగులుతోందా?"

"ఒట్టు."

అత్త ముఖం ఎంతోకాలం తర్వాత విప్పారింది. ఇప్పుడు మూయడం మానేస్తుందేమో అనుకున్నాను. ఫోను పెట్టేసి మిగిలిన మెసేజులను చాలాసేపు చూసింది.

"ఉండనీ. వాటిలో సగం దాని పనే," అంది. "కానీ మూసెయ్. లేకపోతే అది చూస్తోందా లేదా అని ఇంకో జబ్బు పట్టుకుంటుంది నాకు."

పాస్‌వర్డ్ తనే కొట్టింది. నెల రోజుల్లోపు మళ్లీ లోపలికి వెళ్తే మూసివేత రద్దవుతుందని ఫోను చెప్పింది. ఆ పేజీ యాప్‌నే ఫోనులోంచి నాచేత తీసేయించింది.

రెండు రోజులు ఊరుకుంది. మూడో రోజు చెప్పులేసుకుని పక్కవీధికి నడిచింది. నేనూ వెంట వెళ్లాను. చిన్నత్త కొట్టు అద్దానికి ముక్కు ఆనించి, బొమ్మకు తొడిగిన గౌనును పైనుంచి కిందికి చూసింది.

లోపలినుంచి చిన్నత్త గొంతు వినిపించింది. "అక్కా, బయట నిలబడి తిట్టుకోకు. లోపలికొచ్చి తిట్టు, ఫ్యాను వేస్తా."

అత్త వెళ్లింది. కాలరు ఎలా నిలబెట్టాలో ఒక ముక్క గుడ్డ మీద విసుక్కుంటూ చూపించింది. నర్సు కోటు సంగతి అడగలేక అడిగింది. చిన్నత్త నవ్వకుండా చెప్పింది.

తిరిగి వస్తుంటే అత్త చకచకా నడిచింది. మలుపు దగ్గర ఆగి, నా చెయ్యి పట్టుకుంది.

"దాని మెషీను చూశావా? అసలు చప్పుడే చేయట్లేదు, పాడుది."